తువ్వాలు కింద సిస్టరు చెయ్యి

విశాఖపట్నంలో ఓ పెద్ద ఆసుపత్రి ఐసీయూని బేరమాడి, చోడవరంలో మా కిరాణా కొట్టు మీది మేడగదిలోకి దింపించిన మొనగాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. కందిపప్పు బస్తా మీదా, పెళ్లిపందిరి మీదా బేరమాడేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. కన్నతండ్రి ఊపిరి మీద బేరమాడి నెగ్గుకొచ్చినవాడు ఇంకొకడుంటే చూపించండి. కొట్టుకి పిలిచి టీ ఇప్పిస్తాను.

నాన్నకి పక్షవాతం వచ్చింది. చిన్నది కాదు. ఎడమపక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. ఊపిరి ఆడడానికి గొంతుకి బెజ్జం చేసి గొట్టం వేశారు. ఆహారానికి ముక్కులోంచి ఇంకో గొట్టం. కొన్నాళ్లకి వెంటిలేటరు మీంచి దించారు గానీ ఆక్సిజను తియ్యలేదు. కళ్లు తెరిచేవాడు, ఎవరినీ చూసేవాడు కాదు. పలకడానికి గొంతు లేదు సరే, వింటున్నట్టు కూడా కనిపించేవాడు కాదు. నేను అద్దాల తలుపుకి ఇవతల ఇనప కుర్చీలో కూర్చుని, బుద్ధెరిగాక నాకు వచ్చిన ఒకే ఒక పని చేశాను. లెక్కలు వేశాను. ఆసుపత్రి మంచం అద్దెకి దొరుకుతుంది. ఆక్సిజను మిషను అద్దెకి దొరుకుతుంది. కఫం లాగే మిషనూ అద్దెకే. అద్దెకి దొరికేవన్నీ ఒక గదిలో పెడితే ఐసీయూ కాక మరేమవుతుంది?

"ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచండి, ఇంటి దగ్గర రిస్కు" అన్నాడు డాక్టరు. నా చెవికది, ఈ రేటుకి ఇంకెక్కడా రాదు సార్ అనే హోల్‌సేలువాడి మాటలా వినిపించింది. సంతకం పెట్టి తెచ్చేశాను. అంబులెన్సులోంచి నాన్నని దింపుతుంటే నేను మీసం మీద చెయ్యి వేసుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నాకు మీసం లేదు.

ఆ లెక్కలో నేను వేసుకోనిది ఒకటే. అద్దె మిషన్ల మధ్య నిలబడే మనిషి.

ఆ మనిషి పోయిందని మొన్ననే తెలిసింది. రోలుగుంట నుంచి వచ్చిన ఒకాయన కొట్టులో సబ్బు అడిగాడు. మంచి వాసనది చూపించాను.

"వాసనది వద్దు బాబూ. అసలు వాసనే ఉండకూడదు. మా అమ్మ మంచం మీదున్నాది. మాకాడ సిస్టరుండేది కదా, ఆవిడ నేర్పిన అలవాటు."

"ఏ సిస్టరు?"

"చీడికాడ మనిషి. పొట్టిగా ఉంటాది. తలుపు సేత్తో తియ్యదు, నడుంతో తోస్తాది."

"ఎలా ఉన్నారావిడ?"

"పోయేరు కదా! మీకు తెలీదేటి? ఊపిరి అందలేదని విశాపట్నం తీసుకెళ్లేరు. ఐసీయూలోనే పోయేరంట." సబ్బు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెంత?" అన్నాడు.

నా ఫోనులో ఆవిడ నంబరు 'సిస్టర్ చీడికాడ' అని ఉంది. మా ఇంట్లో అందరికీ ఆవిడ సిస్టరే. పేరేమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ మా ఎవరివంకా చూడలేదు. బస్సు దిగి నేరుగా మెట్లెక్కింది, చేతులు కడుక్కుంది, తడి చేతులు రెండూ మొహం ఎత్తున పైకి పట్టుకుని గది తలుపుని నడుంతో తోసి వెనక్కి వెనక్కి లోపలికి నడిచింది. విశాఖపట్నంలో ఐసీయూలో పనిచేసి పనిచేసి, నడుం నొప్పి పట్టి మానేసిందట. ఉద్యోగం మానేసినా చేతులు మాత్రం అలాగే పైకి ఉండిపోయాయి. తర్వాత చూశాను, బస్సు ఎక్కేటప్పుడూ భుజంతోనే జనాన్ని తోసుకుంటుంది.

మంచం పక్కన నిలబడి, కాస్త వంగి, "నాన్నగారూ, నాను సిస్టర్ని. చీడికాడనుంచి వచ్చేను. మీ చెయ్యి అట్టుకుంటన్నాను" అంది. అన్నాకే చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి ఏమీ తెలీదండీ" అన్నాను.

"ఎవరు సెప్పేరు?"

"డాక్టరుగారు."

"ఎక్కడ సెప్పేరు? ఈ మంచం కాడేనా?"

అవునన్నాను.

"అయితే ఈయనా విని ఉంటారు" అంది. "ఇకమీదట ఇటువంటి మాటలు కిందకెళ్లి మాటాడుకుందాం."

కిందకెళ్లి మాట్లాడుకున్నది జీతం గురించి. ఆవిడ ఒక అంకె చెప్పింది. నేను అలవాటు ప్రకారం నిట్టూర్చి, కొట్టు వ్యాపారం ఎలా ఉందో చెప్పి, అందులో మూడోవంతు కోసి చెప్పాను. "సరే" అంది. అంతే. నేను లోలోపల ఎగిరి గంతేశాను. ఎదటివాడు మొదటి మాటకే ఒప్పుకున్నాడంటే లాభం ఇంకెక్కడో దాచుకున్నాడని నాన్న నాకు చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ పూట గుర్తు రాలేదు.

"జీతం మీరు సెప్పినట్టే తగ్గించీసేను కదా బాబూ. ఇక మంచానికి తలవేపు ఎత్తు పెట్టించండి. రెండు గంటలకోసారి ఆయన్ని ఒత్తిగిలి తిప్పాలి. లేకపోతే వీపు పుండైపోతాది. నానొక్కర్తినీ తిప్పలేను. మీరు రావాలి."

"నేనా? కొట్టుంది కదండీ."

"కొట్టు కిందే కదా."

"వేరే ఎవరినైనా పెడతానండీ..."

"పెట్టండి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి మరి."

అలా నేను ఆ గదిలో పడ్డాను. పడ్డానని తెలియడానికి మాత్రం కొన్నాళ్లు పట్టింది. తిప్పే వేళకి సిస్టరు పై కిటికీ ఊచల మీద చెంచాతో కొట్టేది. కింద నేను బెల్లం తూస్తున్నా, ఎవరితోనో మంచి బేరంలో ఉన్నా, వదిలేసి మెట్లెక్కాల్సిందే. కొన్నాళ్లకి ఖాతాదారులే, చెంచా మోగిందంటే, "పో బాబూ పో, మీ నాన్నగారిని తిప్పాలి కదా" అనేవారు. కొందరైతే సరిగ్గా ఆ వేళకే వచ్చి, నేను పరుగెత్తబోయేముందు తగ్గించమని అడిగేవారు. అంత చవగ్గా నేను సరుకు అమ్మిన రోజులు లేవు. సరుకు కోసం అనకాపల్లి వెళ్లడం మానేశాను. మా పెదనాన్న కూతురి పెళ్లికి విశాఖపట్నం వెళ్లలేదు. ఊరు దాటాలంటే రెండు గంటల్లో వెళ్లి వచ్చెయ్యాలి. రెండు గంటల్లో వెళ్లి వచ్చెయ్యగలిగిన చోట్లన్నీ నేను అంతకుముందే చూసేశాను.

గదికి ఉన్న ఒకే ఒక కిటికీ దుమ్ము రాకుండా మూసి ఉండేది. ఆక్సిజను మిషను రొద గోడల్లోకి ఇంకిపోయింది. కరెంటు పోతే ఇన్వర్టరు కూస్తుంది, ఇన్వర్టరు నీరసిస్తే సిలిండరు తిప్పాలి. కొన్నాళ్లకి కొట్టు కూడా ఐసీయూలో భాగమైపోయింది. "కింద మిరపకాయల బస్తా విప్పేరేటి? నాన్నగారు దగ్గుతున్నారు" అని పైనుంచి కేక వచ్చేది. మిరపకాయలు అమ్మడం మానేశాను. మిరపకాయలు లేని కిరాణా కొట్టుకి జనం ఎందుకు వస్తారు? జాలిపడి వచ్చేవారు.

ఇరుక్కున్నది నేనొక్కణ్ణే కాదు. నాన్న ఆ గదిలోపల ఇంకా చిన్న గదిలో ఉన్నాడు, దానికి తలుపే లేదు. సిస్టరు సంగతి మొదట నాకు తట్టలేదు. ఆవిడ భోజనానికి కిందకొచ్చి, రెండు ముద్దలు తిని, తలెత్తి పైకప్పు వంక చూసేది. "ఎప్పుడైనా ఇంటికెళ్లినా నాకు నిద్దర పట్టదు బాబూ. మిషను రొద వినపడకపోతే ఎవరో పోయేరేమో అనిపిస్తాది" అంది ఒకసారి, పెరుగు కలుపుకుంటూ.

ఆవిడ దేవతేం కాదు. ఫోనులో వీడియోలు పెద్ద సౌండు పెట్టి చూసేది. వేరే సిస్టర్లకి నరం దొరకదని, తనకి కళ్లు మూసుకున్నా దొరుకుతుందని గొప్పలు చెప్పుకునేది. మా ఆవిడ వంటని రోజూ మెచ్చుకునేది, రోజూ ఉప్పు తక్కువనేది. ఆక్సిజను ఎంతుందో చూపించే చిన్న మిషను కూస్తే "ఒసే, ఉండవే, వస్తన్నాను" అని తిట్టేది. మిషను ఒసే, నేను బాబూ, నాన్న మాత్రం నాన్నగారు. ఏ పని చేసినా ఆయనకి ముందు చెప్పేది. నాన్నగారూ, కఫం తీస్తన్నాను, కొంచెం కష్టంగా ఉంటాది. నాన్నగారూ, దుప్పటి లాగుతున్నాను. నాన్నగారూ, కుడివేపు తిప్పుతున్నాం, మీ అబ్బాయి సేతులు సల్లగుంటాయి, ఏటీ అనుకోకండి. ఒకసారి నేను ఆవిడ చెప్పకముందే భుజం పట్టి తిప్పబోతే, నా చేతిమీద చరిచింది. "సెప్పకుండా మనిషిని తిప్పకూడదు. మనిషేటి, బియ్యం బస్తాయేటి?"

ఎలా ఉన్నాడని ఎవరు అడిగినా బావున్నాడనేది కాదు, బాగులేడనేదీ కాదు. "ఈ పూట ఇలగున్నాది" అనేది. చూడవచ్చినవాళ్లకి ఆ మాట నచ్చేది కాదు. బత్తాయిలు పట్టుకుని అంతదూరం బస్సెక్కి వచ్చినవాళ్లకి ఇంకాస్త గట్టి మాట కావాలి.

మాడుగుల నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. హల్వా తెచ్చింది. మాడుగులనుంచి వచ్చేవాళ్లు హల్వా లేకుండా రారు, అది వాళ్లకి చెప్పుల్లాంటిది. సిస్టరు చేతులు కడుక్కోవడానికి పక్కకెళ్లింది. అత్త తమ్ముడి ఎండిన పెదాలు చూసింది. చిటికెడు హల్వా వేలితో తీసి ఆయన నోట్లో పెట్టేసింది.

గొంతులో ఏదో గురగురమంది. నాన్న మొహం నల్లబడింది. మిషను కూసింది. నేను "సిస్టర్!" అని అరిచేలోపే తలుపు నడుంతో తెరుచుకుంది. ఆవిడ మంచందాకా వచ్చి, గొట్టం చేతిలోకి తీసుకుని, అంత తొందరలో కూడా వంగి, "నాన్నగారూ, లోపలినుంచి లాగుతున్నాను, దగ్గండి" అంది. ఆ మాట అయ్యేదాకా నేను మిషనులో అంకెనే చూస్తున్నాను. లాగింది, మళ్లీ లాగింది. నోరు పక్కకి తిప్పి గుడ్డతో తీసింది. మెల్లగా రంగు తిరిగింది.

అత్త గోడకి అతుక్కుపోయి ఉంది. "నాను సంపీసేనమ్మా వాణ్ణి" అంటోంది. సిస్టరు గదిని పేల్చేస్తుందని నేను ఎదురుచూశాను.

"సంపలేదు కదమ్మా. ఇలగ రండి. సేతులు కడుక్కోండి ముందు."

అత్త కడుక్కుంది. సిస్టరు ఆవిడ వేలికి తడి గాజుగుడ్డ చుట్టి, ఆ వేలు పట్టుకుని నాన్న చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపల తుడిపించింది. "గట్టిగా పిండాలి. సుక్క కారకూడదు. మింగడం ఆయన మరిచిపోయేరు. మింగబోతే ఊపిరితిత్తుల్లోకెళ్తాది." అత్త ఏడుస్తూనే తుడిచింది. చిన్నప్పుడు తనే స్నానం చేయించేదట. తర్వాత సిస్టరు వరండాలో నిలబడి మిగతా హల్వా అంతా తినేసింది. "బావుంది. తప్పు దీనిది కాదు" అంది.

ఇంక తువ్వాలు సంగతి.

మా తాత పశువుల దళారీ. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుని నొక్కితే అంత ధర. నచ్చకపోతే చెయ్యి లాగేసుకుంటారు. అరచెయ్యంతా పట్టి ఊపితే బేరం ఖాయం. చుట్టూ నిలబడ్డవాళ్లకి తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ కనపడదు. నాన్న ఆ విద్యని కొట్టుకి తెచ్చుకున్నాడు. ఏజెన్సీ కొండలమీంచి చింతపండు వస్తే అలాగే కొనేవాడు. నా చిన్నప్పుడు జీళ్లు కావాలంటే నాతోనూ అంతే. ఒళ్లో తువ్వాలు పరిచి, "పెట్టరా చెయ్యి" అనేవాడు. నేను నాలుగు వేళ్లు నొక్కితే ఆయన ఒక వేలు నొక్కేవాడు. రెండు దగ్గర తెగేది. ఏడ్చి అడిగితే ఒక్కటీ ఇచ్చేవాడు కాదు.

సిస్టరు నాడి చూశాక, చెయ్యి చల్లబడకుండా నాన్న కుడిచేతి మీద తువ్వాలు కప్పేది. ఒక ఉదయం నేను టీ గ్లాసు పట్టుకుని పైకి వచ్చేసరికి ఆవిడ తువ్వాలు కింద చెయ్యి పెట్టి, తల ఒకపక్కకి వంచి, ఏదో వింటున్నట్టు ఉంది.

"బాబూ, ఇలగ రండి. మీ నాన్నగారు నా సేతిలో ఏటో లెక్కెడతన్నారు."

"నరాలు లాగుతున్నాయేమో..."

"నరాలు లాగితే ఇలగుండదు. సూడండి."

నేను చెయ్యి పెట్టాను. మెత్తగా, బలం లేకుండా, నా నాలుగు వేళ్లు పట్టుకుని నొక్కాడు నాన్న. ఆగాడు. మళ్లీ నాలుగు వేళ్లు. ఆయన కళ్లు నన్ను చూడ్డం లేదు, నా ఎడమచేతిలో ఉన్న స్టీలు గ్లాసుని చూస్తున్నాయి.

"సిస్టర్, ఈయన టీ అడుగుతున్నాడు. నాలుగు చెంచాలు."

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆ చేతికి తువ్వాలు కప్పలేదు. కప్పి ఉంటే అక్కడే మొదలెట్టేవాడేమో.

"ఒక్క సెంచా కూడా కుదరదు. మొన్న హల్వాకి సూసేం కదా" అంది సిస్టరు. నేను తువ్వాలు బేరం ఎలా ఆడతారో చెప్పాను. ఆవిడ విని, కొంగు నడుంలో దోపుకుని, తనే చెయ్యి పెట్టింది. "నాన్నగారూ, నాను సిస్టర్ని. మీరు నాలుగన్నారు. నాను సున్నా అంటన్నాను." నాన్న మూడు వేళ్లు నొక్కాడు. ఆవిడ చెయ్యి లాగేసుకుంది. మళ్లీ పెట్టింది. రెండు. లాగేసుకుంది. ఒకటి. ఆవిడ ఈసారి లాగలేదు. టీ గ్లాసు వంక చూసింది.

"సెంచా కాదు. గాజుగుడ్డ టీలో ముంచి, గట్టిగా పిండి, నాలిక మీద అద్దుతాను. ఇష్టమైతే సెప్పండి. లేదంటే బేరం లేదు."

తువ్వాలు కదిలింది. ఆవిడ చేతిని మొత్తం పట్టుకుని ఊపాడు.

జీతంలో మూడోవంతు నాకు ఒక్కమాటలో వదిలేసిన మనిషి ఆ గుడ్డ దగ్గర అంతసేపు బేరమాడింది. టీ అద్దినప్పుడు నాన్న కళ్లు మూసుకున్నాడు. పంచదార తక్కువైనప్పుడు పెట్టే మొహం పెట్టాడు. మర్నాడు రెండు గుడ్డలు అడిగాడు. ఆ తర్వాత నాతోనూ మొదలెట్టాడు. కొట్టు ఎలా నడుస్తోందని అడుగుతున్నాడనుకుని నేను వేళ్లతో అబద్ధాలు చెప్పాను. చెయ్యి లాగేసుకున్నాడు. నాన్న లోపల మొత్తం ఉన్నాడు. ఇన్నాళ్లూ ఆయన మంచం పక్కన నిలబడి నేను మాట్లాడినవన్నీ గుర్తొచ్చి, కిందకెళ్లి చాలాసేపు కొట్టు షట్టరు దించుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. ఛాతీలో శబ్దం మారింది. ఆక్సిజను పెంచుతున్నకొద్దీ మిషనులో అంకె తగ్గుతోంది. ఊళ్లో డాక్టరు వచ్చి చూసి, ఊపిరితిత్తులకి పట్టేసింది, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్లండి, మళ్లీ వెంటిలేటరు పెట్టాల్సిరావచ్చు అన్నాడు. వెళ్లకపోతే వాడమని కొన్ని మందులు రాసిచ్చి, ఆయాసం తెలియకుండా ఉండడానికి ఒకటి వేరే కాగితం మీద రాశాడు. నేను రెండో కాగితం చూడలేదు. అంబులెన్సుకి ఫోను చేశాను. ఎంతైనా సరే అన్నాను. నా నోట్లోంచి ఆ మాట రావడం మా ఆవిడ అదే మొదటిసారి వినడం.

అంబులెన్సు కింద ఆగింది. నేను మెట్లెక్కి వచ్చి మంచాన్ని తలుపుదాకా జరపబోయాను.

"అడిగేరా?" అంది సిస్టరు.

"ఎవర్ని?"

ఆవిడ నాన్న చేతిమీద తువ్వాలు సరిచేసింది.

చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. "నాన్నా, ఆసుపత్రికి వెళ్దాం."

లాగేసుకున్నాడు.

"కాస్త తగ్గేదాకానే. నేనే తీసుకొచ్చేస్తాను."

లాగేసుకున్నాడు.

నేను పుట్టి పెరిగినదంతా బేరాల్లోనే. ఎదటివాడు రెండుసార్లు లాగితే మూడోసారి ఏం పెట్టాలో నాకు తెలుసు. "అక్కడ కూడా టీ పెట్టిస్తాను నాన్నా. సిస్టరు కూడా వస్తుంది." రెండూ అబద్ధాలే. తువ్వాలు కింద వెతికితే చెయ్యి దొరకలేదు. తన నడుం కిందికి దోపుకున్నాడు. కిందనుంచి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. గదిలో మిషను రొద, ఆయన ఊపిరి గరగర. ఏ తలుపులోంచి వెళ్లినా తప్పే అనిపించింది.

"సిస్టర్, మీరు చెప్పండి. ఇక్కడ ఉంచితే బతికిస్తారా?"

"బతికిస్తానని సెప్పను. ఆయాసంతో కొట్టుకోకుండా సూస్తాను. అది సెయ్యగలను. రెండూ వేరు బాబూ. కలిపి అడక్కండి."

నాన్న పక్కన మంచం పట్టీ మీద కూర్చున్నాను. ఆ మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వని సిస్టరు కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. తువ్వాలు మళ్లీ పరిచి, కింద ఖాళీ చెయ్యి పెట్టి ఊరుకున్నాను. ఏ వేలూ నొక్కలేదు. "ఇక్కడే ఉందామా?" అన్నాను. కాసేపటికి ఆయన చెయ్యి వచ్చింది. నా అరచెయ్యి మొత్తం పట్టుకుని, ఒక్కసారి, ఊపాడు.

అంబులెన్సుని పంపించేశాను.

మర్నాడు పొద్దున్న, వీధిలో కొట్లు తెరుస్తున్న వేళకి, నాన్న పోయాడు. రెండో కాగితంలోని మందు సిస్టరు వేళ తప్పకుండా ఇచ్చింది. ఆయన కొట్టుకోలేదు. అంతకు కాసేపటి ముందు అద్దిన టీ పెదాల మీద ఇంకా తడిగానే ఉంది. సిస్టరు మిషను ఆపింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు. ఆవిడ చేతులు కడుక్కుని, తలుపు నడుంతో తోసుకుని, వెనక్కి నడుస్తూ వచ్చి, వంగింది.

"నాన్నగారూ, గొట్టం తీసీస్తన్నాను."

తీసింది. ఒళ్లు తుడవడానికి గుడ్డ తడిపింది.

"నాన్నగారూ, కుడివేపు తిప్పుతున్నాం." నా వంక చూసింది. "అట్టుకోండి బాబూ."

పట్టుకున్నాను.

కార్యక్రమాలు అయ్యాక ఆవిడ సంచి సర్దుకుంది. బస్టాండు దాకా నేనే వెళ్లాను. చీడికాడ బస్సు ఇంకా రాలేదు. అప్పటిదాకా పట్టుకున్న మాట అక్కడ వదిలాను.

"సిస్టర్, నిజం చెప్పండి. నేను తీసుకురాకుండా ఆసుపత్రిలోనే ఉంచి ఉంటే బతికేవాడా?"

ఆవిడ సంచి ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఏమో బాబూ. ఉండేవోరేమో. ఇంకొన్నాళ్లు."

"ఉన్నా మంచం మీదే కదా?"

"అది నానెలగ సెప్తాను?"

"జ్వరం ఆ హల్వా వల్లే వచ్చిందంటారా?"

"అవ్వొచ్చు. మన టీ వల్ల కూడా అవ్వొచ్చు. గుడ్డ నా సేత్తోనే పిండేను, గట్టిగానే పిండేను. అయినా అవ్వొచ్చు."

"కాస్త తగ్గించి చెప్పొచ్చు కదండీ."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "ఏటి తగ్గించడం? జీతం తగ్గించేను కదా బాబూ." బస్సు వచ్చింది. చేతులు పైకి పట్టుకుని, భుజంతో జనాన్ని తోసుకుంటూ ఎక్కేసింది.

రోలుగుంట ఆయన సబ్బు పట్టుకుని వెళ్లిపోయాక నేను మేడగదిలోకి వెళ్లాను. ఇప్పుడక్కడ మిరపకాయల బస్తాలు ఉన్నాయి. విశాఖపట్నంలో అద్దాల తలుపు వెనక ఆ పొట్టి మనిషిని తిప్పేముందు ఎవరైనా వంగి చెప్పారో లేదో. చెప్పడానికి పేరైనా తెలిసి ఉంటుంది వాళ్లకి, నాకంటే.

ఇక బిల్లు. అద్దెలు, మందులు, సిలిండర్లు, మానేసిన వ్యాపారం కలిపితే ఆసుపత్రికీ ఇంటికీ తేడా ఏమీ రాలేదు. నేను నిజంగా మిగుల్చుకున్నది సిస్టరు జీతంలో కోసిన మూడోవంతు ఒక్కటే. ఇంటికి తేవడంవల్ల నాన్నకి వచ్చినవి, రోజూ నాలిక మీద ఒక టీ గుడ్డ, తనని అడిగే ఒక మనిషి, రెండుసార్లు వద్దని ఒకసారి సరేనని చెప్పుకునే వీలు. పోయినవి, ఉండేవాడేమో అన్న ఆ ఇంకొన్నాళ్లు. అవి నావి కావు, ఆయనవి. ఆయన్ని అడక్కుండా నేను ఖర్చుపెట్టినవి. తువ్వాలు కింద ఆయన ఊపిన చెయ్యి చివరిరోజు ఇక్కడే ఉండిపోవడానికే ఖాయం, మొదట నేను పెట్టిన సంతకానికి కాదు. ఒకదానిలోంచి ఒకటి కొట్టేసి చూద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. కొట్టివేత పడటంలేదు. రెండూ పూర్తిగా ఉన్నాయి.

కాస్త తగ్గించమని అడగడానికి ఇప్పుడు ఆవిడ కూడా లేదు. ఉన్నా తగ్గించేది కాదు.